పక్కన ఎవరూ ఉండకూడదు

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళు: తాతయ్య జగన్మోహనరావు, నానమ్మ నాగేంద్రమ్మ, అమ్మ లలిత, నేను, మామిడికాయలు చూడడానికని వచ్చిన నూజివీడు వ్యాపారి ప్రేమ్‌చంద్ గారు. నాన్న తోటలో కోత దగ్గర ఉన్నాడు కాబట్టి ఆయన్ని నేను నా డైరీలో రాసుకోలేదు. కానీ సర్వేకి వచ్చిన యోగిత అక్క తన ట్యాబ్‌లో నాన్నని కూడా ఎక్కించింది. ఈ ఇంట్లో తిని ఈ ఇంట్లో పడుకునే వాళ్ళందరూ లెక్కేనట, ఆ నిమిషానికి ఎక్కడున్నా సరే. ప్రేమ్‌చంద్ గారిని మాత్రం వదిలేసింది.

"సీజనంతా ఇక్కడే తింటున్నాను కదమ్మా, నన్నెందుకు తీసేశావు?" అన్నాడాయన.

"పడుకోడానికి ఇంటికి పోతున్నావుగా," అంది నానమ్మ.

యోగిత అక్కది చింతలపూడి. డిగ్రీ అయిపోయింది. మెడలో ఐడీ కార్డు, భుజానికి సంచి, చేతిలో ట్యాబ్. నూజివీడు నుంచి ఆటోలో మా ఊరొచ్చింది. ఎవరికి ఓటేస్తారు అని అడిగే సర్వే కాదట ఇది. మామూలు జనానికి రాజకీయాల గురించి ఏం తెలుసో, ఎంత తెలుసో కొలిచే సర్వే. తెలివిని కూడా కాటా మీద పెట్టి తూచచ్చని నాకు అప్పటివరకు తెలియదు.

తాతయ్య మా ఊరి సర్పంచ్. ఊళ్ళో అందరూ ప్రెసిడెంటు గారు అంటారు. సర్వే అమ్మాయి మన వీధిలోకి వచ్చిందని తెలియగానే ఆయన మొహం కడుక్కుని, తెల్ల చొక్కా వేసుకుని, ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాడు. ప్రశ్నలు తననే అడుగుతారని ఆయనకి అనుమానమే లేదు.

ప్రేమ్‌చంద్ గారు వచ్చింది ఒక్క కాయల కోసమే కాదు. ఈసారి మా పంచాయతీలో సర్పంచ్ సీటు ఆడవాళ్ళకి వచ్చింది. తాతయ్య మళ్ళీ నిలబడడానికి లేదు. మండలంలో ఆయన పార్టీ పనులన్నీ చూసేది ప్రేమ్‌చంద్ గారే. ఎవరి పేరు అనుకుంటున్నారో చెబితే ఆ సాయంత్రమే పెద్దవాళ్ళకి చేరవేస్తానన్నాడు. తాతయ్య నానమ్మ పేరు అనుకున్నాడు. నానమ్మ సంతకం పెడుతుంది, పని తను చేస్తాడు. చుట్టుపక్కల చాలా ఊళ్ళల్లో అలాగే నడుస్తోంది.

అమ్మ తను నిలబడాలనుకుంది. ఈ సంగతి నాకు, నానమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. కాయల గదిలో గడ్డి మీద రసాలు పరుస్తూ అంది ఒకరోజు. "నాకు ఇస్తే చేస్తాను అత్తయ్యగారూ. సంతకం పెట్టి కూర్చోడం కాదు, చేస్తాను." నానమ్మ వెంటనే, "ఆ మాట ఆయనతో చెప్పు," అంది. "మావయ్యగారితో ఎలా చెప్పను?" అంది అమ్మ. అక్కడితో ఆగిపోయింది. ఇవాళ కూడా ఆగిపోతే ప్రేమ్‌చంద్ గారు నానమ్మ పేరు పట్టుకుని వెళ్ళిపోతారు. మళ్ళీ ఐదేళ్ళు ఆ మాట ఎత్తడానికి ఉండదు.

ఇదంతా నా తలలో తిరుగుతుండగా యోగిత అక్క అడిగింది, "ఇంట్లో పద్దెనిమిదేళ్ళు దాటిన వాళ్ళ పుట్టినరోజులు చెబుతారా అండీ?"

"ఎందుకమ్మా?" అన్నాడు తాతయ్య.

"ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్ళనే అడగాలండి."

"ఆ గొడవంతా ఎందుకు, నేనున్నాగా. అడుగు."

"ఎదురుగా కూర్చున్నవాళ్ళని అడిగితే అన్ని ఇళ్ళల్లోనూ మగవాళ్ళే వస్తారండి," అంది యోగిత అక్క, చాలా మర్యాదగా.

నానమ్మ పుట్టినరోజు ఆధార్‌లో జనవరి ఒకటి. "మా అమ్మదీ అదేనండి. ఆ వయసు వాళ్ళందరూ ఒకే రోజు పుట్టారు," అన్నాడు ప్రేమ్‌చంద్ గారు. తాతయ్యది జూలై ఒకటి, బళ్ళో వేసినప్పుడు మేష్టారు తోచింది రాసిన తారీఖు. నాన్నది కార్తీకమాసం. అమ్మది జూన్. అప్పుడు మే నెల నడుస్తోంది కాబట్టి ముందొచ్చేది అమ్మదే.

తాతయ్య తెల్ల చొక్కా ఒక్కసారిగా వెలవెలబోయినట్టు అనిపించింది.

"అమ్మాయినా? దానికేం తెలుసమ్మా పాపం. పొద్దస్తమానం వంటిల్లూ, కాయలూ."

"తెలిసినా తెలియకపోయినా వారినే అడగాలండి. ఇంకోటి, ఒక్కరినే అడగాలి. పక్కన ఎవరూ ఉండకూడదు."

"మా ఇంట్లో దాపరికాలేంటమ్మా?" తాతయ్య నవ్వాడు. "ఊరంతా వచ్చి కూర్చునే హాలు ఇది. అడుగు, మేమూ వింటాం. మాకూ కాలక్షేపం."

యోగిత అక్క ఒకసారి తాతయ్య వైపు, ఒకసారి బయట ఎండ వైపు చూసి, సరే అని కూర్చుంది. ఊరి ప్రెసిడెంటుని ఆయన ఇంట్లోంచి లేవమనడం ఆమెకి మాత్రం ఎలా కుదురుతుంది? నేను ఆమె కుర్చీ వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాను. అక్కణ్ణుంచి ట్యాబ్ బాగా కనిపిస్తోంది.

అమ్మ కాయల గదిలోంచి వచ్చింది. చీర కుచ్చిళ్ళకి గడ్డి పరకలు అంటుకుని ఉన్నాయి. తాతయ్య ఎదురుగా కుర్చీలో కూర్చోదు కాబట్టి గది గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది.

"మీరుండే ఊరు ఏ జిల్లాలో ఉందండీ?"

అమ్మ నోరు తెరిచేలోపు తాతయ్య, "ఇదేం ప్రశ్న? కృష్ణా జిల్లా," అన్నాడు.

"ప్రెసిడెంటు గారూ, ఇప్పుడు మనం ఏలూరు జిల్లా కదండీ," అన్నాడు ప్రేమ్‌చంద్ గారు.

"అది కాయితాల మీద. ఏలూరు మామిడికాయ అని అమ్మి చూడు, ఎవడు కొంటాడో."

"అదీ నిజమేలెండి."

"అండీ, మీరు చెప్పకూడదు," అంది యోగిత అక్క. మళ్ళీ అమ్మని అడిగింది. "ఏ జిల్లా అండీ?"

అమ్మ నేల వైపు చూసింది. "తెలియదండీ."

నాకు ఒళ్ళు మండింది. నా పదో తరగతి హాల్ టికెట్ కోసం ఆన్‌లైన్ సెంటర్లో జిల్లా పేరు తప్పు పడితే, "కృష్ణా కాదండీ, ఏలూరు" అని సరిచేసి మళ్ళీ చేయించింది అమ్మే. కానీ ఇప్పుడు ఏలూరు అంటే మావయ్యగారు తప్పు అన్నట్టు. బయట మనిషి ముందు మావయ్యగారిని తప్పు పట్టడం కన్నా తెలియదు అనడం అమ్మకి సులువు.

"రాజ్యసభ సభ్యులని మనం నేరుగా ఓటు వేసి ఎన్నుకుంటామా అండీ?"

"ఎందుకెన్నుకోం? మొన్న వేశాంగా," అన్నాడు తాతయ్య. ఆయన ఏదైనా తెలియదు అనడం నేను పుట్టాక వినలేదు.

"తెలియదండీ," అంది అమ్మ.

ఇంకా అడిగింది. గ్రామసభలో ఎవరు మాట్లాడచ్చు, ఎమ్మెల్యే పదవి ఎన్నాళ్ళు, తీర్మానం అంటే ఏంటి. ప్రతిదానికీ తాతయ్య ముందు చెప్పేవాడు, కొన్ని ఒప్పు, కొన్ని తప్పు. అమ్మ ప్రతిదానికీ తెలియదండీ అంది. యోగిత అక్క వేలు ట్యాబ్ మీద 'తెలియదు' దగ్గరికి అలవాటైన దారిలో వెళుతున్నట్టు వెళుతోంది. ప్రేమ్‌చంద్ గారు కాయని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి చూస్తూ నవ్వుకుంటున్నాడు.

తెలియదు అనే మాట గురించి నాకు తెలిసినంత మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. బళ్ళో సోషల్ చెప్పే సత్యవతి మేడం ప్రశ్న అడిగితే జవాబు నాలిక చివర ఉన్నా, "తెలియదు మేడం" అని కూర్చునేదాన్ని. ఆ మాట అన్నాక ఇంక ఎవరూ మనవైపు చూడరు. హాయిగా ఉంటుంది. కానీ ఆ రోజు బయటినుంచి చూస్తుంటే హాయిగా లేదు.

ఆఖరి ప్రశ్న వచ్చింది. "ఇది తేలికండీ. మీ ఊరి సర్పంచ్ పేరేంటి?"

ఈసారి మాత్రం తాతయ్య ముందుగా జవాబు చెప్పలేదు. నవ్వుతూ కుర్చీలో సర్దుకున్నాడు.

అమ్మ తలెత్తి నావైపు చూసింది.

అది మా ఇంట్లో అలవాటు. నానమ్మ తాతయ్య పేరు పలకదు, అమ్మ కూడా పలకదు. భర్త పేరూ, మావగారి పేరూ నోటితో అనకూడదు. బ్యాంకులో, ఆస్పత్రిలో, మీసేవలో, ఎక్కడ ఎవరు అడిగినా వాళ్ళు నావైపు చూస్తారు, నేను చెబుతాను. చిన్నప్పటి నుంచి నలుగురిలో నేను గట్టిగా మాట్లాడిందంటూ ఏదైనా ఉంటే ఆ ఒక్క పేరే. ఈసారి కూడా నోరు తెరిచాను.

"పాపా, నువ్వు చెప్పకూడదు," అంది యోగిత అక్క. "ఆంటీనే చెప్పాలి. చెప్పండి ఆంటీ, పరవాలేదు."

అమ్మ పెదవులు కదిలాయి. కానీ మాట రాలేదు. యోగిత అక్క కాసేపు ఆగింది. ఆగి, ఆగి, చివరికి 'తెలియదు' నొక్కింది.

"అయ్యో, అదేంటమ్మా!" అంది నానమ్మ. "మావగారి పేరు అది. కోడలు నోటితో ఎలా చెబుతుంది?"

"ట్యాబ్‌లో ఆ ఆప్షన్ లేదు మామ్మగారూ. పోనీ మీరైతే చెప్పేవారా?"

"నేనా? పెళ్ళయిన దగ్గర్నుంచి చెప్పనిది నీకు చెబుతానా!"

ప్రేమ్‌చంద్ గారు పగలబడి నవ్వాడు. "ప్రెసిడెంటు గారూ, ఊరి సర్పంచ్ ఎవరో మీ ఇంట్లోనే తెలియదని రాసేశారండి. ఇంక ఎలక్షన్ చేసినట్టే మనం."

తాతయ్య కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు పెదవులు దాటి లోపలికి పోలేదు. "పేరు సంగతి వదిలెయ్. మిగతా వాటిల్లో ఒక్కటైనా చెప్పిందా? అందుకే అంటున్నా. ఆడవాళ్ళ సీటంటే ఆడవాళ్ళు చెయ్యాలని కాదు. మా ఆవిడ పేరే రాసుకో. సంతకం తను పెడుతుంది, నేను చూసుకుంటా."

"నా మోకాళ్ళతో నేనెక్కడ తిరగను ఎండలో?" అంది నానమ్మ.

"నిన్నెవరు తిరగమన్నారు? ఫొటోకి నిలబడు చాలు."

ప్రేమ్‌చంద్ గారు కాయ కింద పెట్టి, సొన అంటిన చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని ఫోను తీశాడు.

అమ్మ చీరకి అంటుకున్న గడ్డి పరకలు ఒక్కొక్కటే తీస్తోంది. లేచి లోపలికి వెళ్ళిపోవాలని చూస్తోందని నాకు అర్థమైంది. వెళితే తలుపు అవతల కాయల మధ్య కూర్చుంటుంది. ఫోనులో వార్తలు చిన్నగా పెట్టుకుని, మంత్రులు అసెంబ్లీలో చెప్పే జవాబులకి తనలో తను ఎదురు జవాబులు చెబుతుంది. ఆ జవాబులు కాయలకీ నాకూ తప్ప ఎవరికీ వినపడవు.

అప్పుడు ట్యాబ్‌లో ఇంకో ప్రశ్న కనిపించింది. అది అమ్మకి కాదు, యోగిత అక్కకే. 'ఇంటర్వ్యూ జరుగుతున్నప్పుడు పక్కన ఇంకెవరైనా ఉన్నారా?' కింద రెండు గళ్ళు. ఉన్నారు. లేరు.

యోగిత అక్క వేలు 'లేరు' వైపు వెళ్ళింది.

"ఉన్నాం కదక్కా," అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. నా వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని తాతయ్య గోడ వైపు కూడా చూశాడు.

యోగిత అక్క మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించి, "ఉన్నారని నొక్కితే ఇది లెక్కలోకి రాదు చెల్లీ. మళ్ళీ ఇంకో సెట్ ప్రశ్నలతో మొదటినుంచి అడగాలి, ఆఖరి ప్రశ్న ఒక్కటే అన్నిట్లోనూ ఉంటుంది. ఆటో అతను ఎండలో ఉన్నాడు," అంది.

"ఆటో అతనికి నేను మజ్జిగ ఇస్తాను. మళ్ళీ అడగండి."

"ఏంటే, నీకు మాటలొచ్చా?" అన్నాడు తాతయ్య. కోప్పడలేదు, నిజంగానే అడిగాడు.

"వచ్చు తాతయ్యా. అక్క మొదట్లోనే చెప్పింది పక్కన ఎవరూ ఉండకూడదని. మనం వినలేదు."

"వింటే ఏమవుతుంది? మళ్ళీ అడిగినంత మాత్రాన తెలియనిది తెలుస్తుందా?"

"తెలియదు అన్నవాళ్ళకి తెలియదని కాదు. నేను బళ్ళో రోజూ తెలియదనే చెప్పేదాన్ని. నా సోషల్ మార్కులు ఊరంతా చెప్పుకొచ్చింది మీరేగా."

ప్రేమ్‌చంద్ గారు ఫోను మీద వేలు ఆపాడు. నా గొంతు మాత్రం ఆగలేదు. ఆగకపోయేసరికి ఇంకో మాట కూడా అనేశాను.

"ఓటేసేటప్పుడు బూత్‌లో అమ్మ పక్కన నిలబడతారా మీరు?"

"అది వేరు."

"ఏం వేరు? అక్కడ నిలబడితే పోలీసులు బయటికి పంపిస్తారు. ఇక్కడ పోలీసులు లేరు కాబట్టి నేను చెబుతున్నా."

తాతయ్య గట్టిగా ఏదో అంటాడనుకున్నాను. ఈలోగా నానమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని, మోకాళ్ళు తిట్టుకుంటూ లేచింది.

"లేవండి. పిల్ల చెప్పినదాంట్లో తప్పేముంది? అరుగు మీద వేపచెట్టు నీడొచ్చింది. ప్రేమ్‌చంద్, నువ్వు కూడా లే బాబూ. ఆ కాయ ఇప్పటికి నాలుగుసార్లు తట్టావు, అదేం పలకదు."

"నా ఇంట్లోంచి నన్నే లేపుతున్నారు," అన్నాడు తాతయ్య. కానీ లేచాడు. అరుగు దాకా వెళ్ళి అక్కడ ఆగి ప్రేమ్‌చంద్ గారితో, "పేరు ఇంకా పంపకు. చూద్దాం," అన్నాడు.

ప్రేమ్‌చంద్ గారు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అరుగు మీదికి హాల్లో మాట వినపడుతుంది. అందుకని కాయల గదిలో కూర్చుందామంది యోగిత అక్క. గడ్డి, మగ్గుతున్న రసాలు, వాసనకి తల తిరుగుతుంది కొత్తవాళ్ళకి. అమ్మ ముందు వెళ్ళి కూర్చోడానికి చోటు చేసింది. ఆమె వెనకాల యోగిత అక్క వెళ్ళింది. నేను ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకుని వాళ్ళ వెనకాల నడిచాను.

చోటు చేసి అమ్మ మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది, తలుపు రెక్క వెనకాల సగం. తాతయ్యతో ఏదైనా చెప్పాలంటే ఎప్పుడూ అలాగే నిలబడుతుంది. కాఫీ పెట్టమంటారా అనీ, ఫలానావాళ్ళు వచ్చారనీ చెప్పే చోటు అది. అక్కడ నిలబడి అరుగు మీదికి వినపడేలా అంది.

"మావయ్యగారూ, ప్రేమ్‌చంద్ గారిని నా పేరు రాసుకోమనండి. తెలియనివి మిమ్మల్ని అడుగుతాను. తెలిసినవి నేనే చేస్తాను."

అరుగు మీంచి నానమ్మ పక్కున నవ్విన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత తాతయ్య గొంతు.

"నీ కోడలికి మాటలొచ్చే." గొంతు పెంచి, "ప్రేమ్‌చంద్, లలిత అని రాసుకో. ఇంటిపేరు కూడా రాయి," అన్నాడు.

అమ్మ మొహం చూశాను. నవ్వలేదు. కానీ పదో తరగతి రిజల్ట్ వచ్చినప్పుడు నేను అద్దంలో చూసుకున్న మొహం లాంటిది అది. చెయ్యి చాచి నా చేతిలో కుర్చీ తీసుకుని లోపల వేసింది. నేను గుమ్మంలో అడుగు పెట్టాను.

"నువ్వెక్కడికి?" అంది.

"నేను చప్పుడు చెయ్యను. ఆ మూల నిలబడతాను."

"పక్కన ఎవరూ ఉండకూడదని అంత గొడవ చేసింది ఎవరు?"

"నేను ఎవరో కాదు కదమ్మా."

అమ్మ వెనక్కి తిరిగి యోగిత అక్క వైపు చూసింది. ఆమె ట్యాబ్‌లో కొత్త సెట్ తెరుస్తోంది. అమ్మ నా చెవి దగ్గరికి వంగి చాలా చిన్న గొంతుతో అంది.

"ఆ సర్పంచ్ ప్రశ్న మళ్ళీ వస్తుందిగా. ఈసారి చెప్పేస్తాను. నువ్వు వింటుంటే నోరు రాదు. వెళ్ళు, ఆటో అతనికి మజ్జిగ ఇయ్యి."

నన్ను భుజం పట్టి మెల్లిగా వెనక్కి నెట్టి, తలుపు వేసేసింది. లోపలినుంచి గడియ కూడా పెట్టుకుంది.